పిల్లాడు పెరుగుతాడు, కాలిపర్ పెరగదు

హైదరాబాద్ మ్యాప్ తీసి నాంపల్లి దగ్గర వేలు పెట్టండి. ఒక పక్క రైల్వే స్టేషన్. కోస్తా నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ లో వచ్చినవాళ్ళు తెల్లారేసరికి దిగే చోటు అది. అక్కణ్ణుంచి కొంచెం నడిస్తే రెడ్ హిల్స్, అక్కడ నీలోఫర్ పిల్లల ఆసుపత్రి. ఇంకో పక్క పబ్లిక్ గార్డెన్స్, దాన్ని ఆనుకుని శాసనసభ. అటు కిందికి వెళ్తే ఆబిడ్స్. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన పెట్టిన దుకాణం వల్ల ఆ పేరొచ్చింది. కళ్ళజోళ్ళ షాపులు, చెవి మిషన్ల షాపులు అన్నీ అక్కడే.

అంటే, డాక్టరు "మీ బాబుకి ఇది కావాలమ్మా" అని రాసే చోటు, దానికి డబ్బులివ్వాలా వద్దా అని నిర్ణయించే చోటు, డబ్బులుంటే కొనుక్కునే చోటు - మూడూ నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి. మరి ఒక పిల్లాడికి ఒక కాలిపరో, చెవి మిషనో, చక్రాల కుర్చీయో అందడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? అందిన తర్వాత కూడా అది మూలన ఎందుకు పడుతుంది? ఈ చరిత్ర నేను కొంచెం తవ్వి చూశాను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు ప్రతిదీ రిలీజ్, సపోర్ట్, మెయింటెనెన్స్ లాగానే కనిపిస్తుంది. ఆ కళ్ళతోనే రాస్తున్నా, భరించండి.

దానం రోజులు

నీలోఫర్ ఆసుపత్రి కథ చాలామందికి తెలిసిందే. ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా భార్య నీలోఫర్. టర్కీ ఒట్టోమన్ రాజవంశపు ఆడపడుచు. ఆవిడ దగ్గర పనిచేసే రఫతున్నీసా 1949లో కాన్పులో చనిపోయింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని ఆవిడ పట్టుబడితే, 1953లో తల్లులకీ పిల్లలకీ ఈ ఆసుపత్రి తెరిచారు. 1964లో నిజాం ట్రస్టు డబ్బుతోనే పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రి వచ్చింది. అదే తర్వాత నిమ్స్ అయింది.

గమనించండి, రెండూ దానంతో పుట్టినవే. తప్పేం కాదు, ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే. కాకపోతే దానానికి ఒక స్వభావం ఉంటుంది. కట్టిన రోజు కనపడుతుంది, ఇచ్చిన రోజు కనపడుతుంది. ఆ తర్వాతి రోజులు ఎవరికీ కనపడవు. ఆసుపత్రుల్ని తర్వాత ప్రభుత్వం తీసుకుంది కాబట్టి డాక్టర్లకి జీతాలు, మందులకి బడ్జెట్ వచ్చాయి. అంటే దానం కాస్తా సర్వీసుగా మారింది. పిల్లల పరికరాల విషయంలో మాత్రం ఆ మార్పు సగంలో ఆగిపోయింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

పోలియో, ప్రభుత్వం, ఐదేళ్ళకి రెండు వేలు

ఆ రోజుల్లో పిల్లల వైకల్యం అంటే ముందు గుర్తొచ్చేది పోలియో. మనలో ముప్ఫై దాటినవాళ్ళందరి క్లాసులోనూ, వీధిలోనూ ఒకళ్ళో ఇద్దరో ఉండేవాళ్ళు. ఇనప కడ్డీలు, తోలు పట్టీలు, బరువైన బూటు. నడుస్తుంటే టక్ టక్ మని చప్పుడు. కాలిపర్లున్న పిల్లలు అదృష్టవంతుల కింద లెక్క. లేనివాళ్ళు మోకాలి మీద చెయ్యి వేసి నొక్కుకుంటూ నడిచేవాళ్ళు, అదీ కుదరనివాళ్ళు నేల మీద పాకేవాళ్ళు.

ప్రభుత్వం ఈ పనిలోకి దిగింది 70ల్లో. 1972లో కాన్పూర్‌లో అలిమ్కో అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు, 1976 నుంచి అక్కడ కృత్రిమ కాళ్ళు, కాలిపర్లు, చంకకర్రలు, మూడు చక్రాల బళ్ళు తయారవడం మొదలైంది. 1974లో మామూలు బళ్ళలోనే వికలాంగ పిల్లల్ని చదివించే కేంద్ర పథకం వచ్చింది. 1981ని ఐక్యరాజ్యసమితి వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే కేంద్రం పరికరాలు ఇచ్చే ఆడిప్ పథకం మొదలుపెట్టింది, మన ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ పుట్టింది.

బాగానే ఉంది. ఇక్కడే ఒక చిన్న అంకె చూడండి. ఆ బడి పథకాన్ని 1992లో సవరించినప్పుడు పరికరాలకి పెట్టిన పరిమితి - ఒక్కో విద్యార్థికి ఐదేళ్ళకి కలిపి 2000 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచండి, నాకు ఆశ్చర్యం వేసింది "ఐదేళ్ళు" అన్న మాట దగ్గర. ఆరేళ్ళ పిల్లాడికీ పదకొండేళ్ళ పిల్లాడికీ ఒకే చొక్కా పడుతుందా? దసరాకి కుట్టించిన లాగు ఉగాదికి పొట్టయిపోతుందని ప్రతి అమ్మకీ తెలుసు. కాలిపర్ చొక్కా లాంటిది కూడా కాదు, దాని కీలు సరిగ్గా మోకాలి ఎదురుగా ఉండాలి. కాలు రెండంగుళాలు పెరిగితే కీలు తొడ కింద ఎక్కడో వంగుతుంది. అప్పుడది ఊతం ఇవ్వదు, పుండు చేస్తుంది.

ఆ రూలు రాసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. వాళ్ళ మనసులో ఉన్నది పెద్దవాళ్ళ లెక్క. బల్ల, బీరువా కొన్నప్పుడు ఎన్నేళ్ళు మన్నాలి అని వేసే ఆఫీసు లెక్క.

క్షిపణి నుంచి కాలిపర్ దాకా

ఇప్పుడు మన ఊరు గర్వంగా చెప్పుకునే కథ. 1989 మే 22న అగ్ని మొదటి ప్రయోగం సక్సెస్ అయింది. అబ్దుల్ కలాం గారు అప్పుడు హైదరాబాద్ డీఆర్డీఎల్ డైరెక్టరు. క్షిపణి కోసం చాలా తేలికైన, గట్టి పదార్థాలు తయారు చేశారు. కలాం గారు తర్వాత తన ప్రసంగాల్లో చెప్పిన ప్రకారం, నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు ల్యాబ్‌కి వచ్చి ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాం గార్ని తన ఆసుపత్రికి తీసుకెళ్ళి పిల్లల్ని చూపించారట. ఒక్కొక్కరి కాలికీ మూడు కిలోలు దాటిన ఇనుము. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ చేసి ఇచ్చారు. పిల్లలు నమ్మలేకపోయారనీ, తల్లిదండ్రుల కళ్ళలో నీళ్ళు తిరిగాయనీ ఆయన చెప్పేవారు. రాకెట్లు, అగ్ని, అణుపరీక్ష - వీటి పక్కన ఈ కాలిపర్‌ని కూడా పెట్టి, జీవితంలో తనకి కలిగిన గొప్ప ఆనందాల్లో ఇదొకటి అనేవారు.

చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఇంజినీరింగ్ అంటే ఇది కదా అనిపిస్తుంది. కానీ ఇంజినీరు బుర్ర ఊరుకోదు కదా, తర్వాతి ప్రశ్న అడుగుతుంది. ఆ 300 గ్రాముల కాలిపర్ తొడుక్కున్న ఎనిమిదేళ్ళ పాపకి మర్నాడు తొమ్మిదేళ్ళు, ఆ తర్వాత పదకొండు, పదమూడు. ప్రతి ఏడూ కొత్త కొలతలు. పాప ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలోనో శ్రీకాకుళంలోనో ఉంటే, కొలతలు తీసేదెవరు? పట్టీ తెగితే కుట్టేదెవరు? మూడు కిలోల ఇనుముకి ఒక సుగుణం ఉంది. అది విరిగితే ఊళ్ళో కమ్మరి అతికేవాడు, పట్టీ తెగితే చెప్పులు కుట్టే ఆయన కుట్టేవాడు. తేలికైన కాంపోజిట్‌కి ఆ సదుపాయం లేదు. పరికరం ఎంత గొప్పదైతే దాని వెనక సర్వీసు అంత దగ్గరగా ఉండాలి. మనం పరికరాన్ని క్షిపణి వేగంతో చేశాం, సర్వీసుని ఎర్రబస్సు వేగంతో కూడా చేయలేదు.

చట్టం ఏమంటుంది

1995లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. అందులో 27వ సెక్షను, ప్రతి వికలాంగ బాలుడికీ బాలికకీ చదువుకి కావలసిన ప్రత్యేక పుస్తకాలూ పరికరాలూ ఉచితంగా ఇచ్చేలా ప్రభుత్వాలు పథకాలు చేయాలంటుంది. 42వ సెక్షను వికలాంగులందరికీ పరికరాల పథకాలు పెట్టాలంటుంది. 2016లో కొత్త చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షను ఇంకా స్పష్టం. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న విద్యార్థులకి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా పుస్తకాలు, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలి.

"పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా" అంటే ఒక్కసారి కాదు, పెరిగినంత కాలం. కాగితం మీద మనం సరైన చోటుకే వచ్చాం. మధ్యలో డబ్బు సంగతి చూస్తే, సర్వశిక్షా అభియాన్ మొదటి రోజుల్లో ఒక్కో వికలాంగ విద్యార్థికి ఏడాదికి 1200 రూపాయలు. పరికరాలు, టీచర్ల శిక్షణ, అన్నీ అందులోనే. తర్వాత 3000 అయింది, 2018లో సమగ్ర శిక్ష వచ్చాక 3500. మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టారు, మంచి పని. అలిమ్కోతో ఒప్పందం ప్రకారం పరికరం ఖరీదులో 60 శాతం ఆడిప్ నుంచి, 40 శాతం సర్వశిక్ష నుంచి.

ఆడిప్ లో ఒక మంచి రూలు కూడా ఉంది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. పెద్దవాళ్ళకి ఒకసారి పరికరం ఇస్తే మళ్ళీ మూడేళ్ళ దాకా ఇవ్వరు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి మాత్రం ఏడాదికే ఇవ్వొచ్చు. అంటే పిల్లలు పెరుగుతారన్న సంగతి ఢిల్లీలో ఎవరో ఒకరికి తట్టింది! కాకపోతే "ఇవ్వొచ్చు" అన్నది ఒక్కటీ, ఏడాది తిరిగేసరికి "రండి, కొలతలు తీసుకుందాం" అని పిలవడం ఇంకొకటీ. మొదటిది రూలు, రెండోది సర్వీసు. అడిగే భారం తల్లి మీదే ఉంది. ఆ రూలు ఉందని ఎంతమంది తల్లులకి తెలుసు?

కాక్లియర్ కథ

పోలియో పోయింది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో. 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఇది మామూలు విజయం కాదు. కానీ పుట్టు చెవుడు, సెరిబ్రల్ పాల్సీ లాంటివి చుక్కల మందుతో పోవు.

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. కాక్లియర్ ఇంప్లాంట్ కూడా ఆ పథకంలోకి వచ్చింది. పుట్టు చెవిటి పిల్లలకి లోపలి చెవిలో ఎలక్ట్రోడ్ పెట్టి, బయట చెవి వెనక ప్రాసెసర్ తగిలిస్తారు. ఖర్చు లక్షల్లో. కూలి చేసుకునే వాళ్ళ పిల్లలకి ఇలాంటి ఆపరేషన్ అన్నది అంతకుముందు ఊహలో కూడా లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఆపరేషన్‌తో పాటు ఆ తర్వాత మాట నేర్పే థెరపీని కూడా ప్యాకేజీలో చేర్చడం. మిషను పెట్టగానే పిల్లాడు మాట్లాడేయడు, శబ్దం అంటే ఏంటో నెలల తరబడి నేర్పాలి. అది అర్థం చేసుకున్నవాళ్ళు ఎవరో ఆ ప్యాకేజీ రాశారు. 2014లో కేంద్రం కూడా ఆడిప్ లో ఏడాదికి 500 మంది పిల్లలకి, ఒక్కొక్కరికి ఆరు లక్షల దాకా, ఇంప్లాంట్ చేర్చింది.

తర్వాత? లోపల పెట్టింది దశాబ్దాలు ఉంటుంది. బయటి ప్రాసెసర్ ఉండదు. వైరు తెగుతుంది, కాయిల్ పోతుంది, బ్యాటరీ అరుగుతుంది, చెమటకి పాడవుతుంది. వారంటీ అయిపోయాక వైరు వేలల్లో, కొత్త ప్రాసెసర్ లక్షల్లో. కంపెనీ పాత మోడల్ ఆపేస్తుంది, స్పేర్లు దొరకవు. మన భాషలో చెప్పాలంటే "ఎండ్ ఆఫ్ లైఫ్". విండోస్ ఎక్స్‌పీ కి సపోర్ట్ ఆపేస్తే మనం తిట్టుకుని కొత్తది కొనుక్కున్నాం. పదేళ్ళ పాపకి చెవికి సపోర్ట్ ఆపేస్తే ఏం చేయాలి? ప్రాసెసర్ పనిచేయని రోజున ఆ పాపకి ఏమీ వినపడదు. ఆరు లక్షల ప్రజాధనం, తల్లి పడ్డ కష్టం, అన్నీ ఒక వైరు దగ్గర ఆగిపోతాయి.

కేరళలో ఇదే జరిగింది. 2012లో శ్రుతితరంగం పేరుతో పిల్లలకి ఇంప్లాంట్లు పెట్టారు. కొన్నేళ్ళకి ప్రాసెసర్లు పాడై తల్లిదండ్రులు రోడ్డెక్కారు. చివరికి రిపేర్లు, అప్‌గ్రేడ్‌ల బాధ్యత కూడా ప్రభుత్వం ఎత్తుకోవాల్సి వచ్చింది. ఎలాగూ ఎత్తుకోవాల్సిందే అయినప్పుడు, మొదటి రోజే ఒప్పందంలో రాసుకుంటే కంపెనీలతో బేరం మన చేతిలో ఉంటుంది కదా.

బయట ఎలా చేశారు

"అమెరికాలో ఐతేనా..." అని మొదలుపెట్టే టైపు కాదు నేను. కానీ రెండు ఉదాహరణలు చెప్పక తప్పదు.

బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి మూడేళ్ళే అయింది. తిండికి ఇంకా రేషను. 1948 జూలైలో వాళ్ళు జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టారు. అదే ఏడాది నుంచి మెడ్రెస్కో అనే ప్రభుత్వ డిజైను చెవి మిషన్‌ని ఉచితంగా ఇవ్వసాగారు. ఇప్పటికీ అక్కడ ఆ సేవ ద్వారా వచ్చే చెవి మిషను అప్పు మీద ఇచ్చినట్టు లెక్క. మిషను ప్రభుత్వానిది, వాడుకునేది మీరు. అందుకే రిపేరు, బ్యాటరీలు కూడా వాళ్ళవే. చూశారా, ఒక చిన్న మాట తేడా. "మీకిచ్చేశాం" అంటే బాధ్యత తీరిపోయింది. "మాదే, మీ దగ్గరుంది" అంటే బాధ్యత మొదలైంది.

అమెరికాలో 1988లో ఒక చట్టం, 1990లో వికలాంగ పిల్లల చదువు చట్టం, రెండూ ఒక పని చేశాయి. "సహాయక పరికరం" అనే మాటకి ఒక నిర్వచనం, "సహాయక పరికరాల సేవ" అనే మాటకి వేరే నిర్వచనం రాశాయి. సేవ అంటే ఎంచడం, కొలిచి బిగించడం, పిల్లాడికి తగ్గట్టు మార్చడం, బాగుచేయడం, పాడైతే మార్చడం, వాడటం నేర్పడం. పరికరం ఇచ్చి చేతులు దులుపుకుంటే చట్టం సగమే పాటించినట్టు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేద దేశాల కోసం చక్రాల కుర్చీల మార్గదర్శకాలు రాస్తే, అందులోనూ ఎనిమిది మెట్లున్నాయి. కుర్చీ చేతికివ్వడం ఆ ఎనిమిదిలో ఒక మెట్టు లోపల భాగం మాత్రమే. చివరి మెట్టు మరమ్మతు, తర్వాత చూసుకోవడం. మనకి తెలిసిన క్యాంపుల్లో ఎన్ని మెట్లుంటాయి? షామియానా, మంత్రిగారు, వరసగా కుర్చీలు, ఫోటో. పెద్దవాళ్ళ కుర్చీలో ఆరేళ్ళ పిల్లాణ్ణి కూర్చోబెడితే కాళ్ళు గాల్లో వేలాడతాయి, నడుము ఒక పక్కకి వాలిపోతుంది. కొన్నేళ్ళు అలా కూర్చుంటే వెన్నుపూస కూడా అలాగే వంగుతుంది. లెక్కల్లో మాత్రం "ఒక చక్రాల కుర్చీ పంపిణీ అయినది".

పన్ను, పింఛను, పేరు

ఇదంతా ఎందుకని ఆబిడ్స్‌కి పోయి సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్ళ సంగతి ఇంకోటి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు చెవి మిషన్లకి పన్ను సున్నా చేశారు గానీ, చక్రాల కుర్చీల మీద, బ్రెయిలీ టైప్‌రైటర్ల మీద 5 శాతం వేశారు. నడవలేనందుకు పన్నా అని వికలాంగుల సంఘాలు గోల చేశాయి. పన్ను లేకపోతే తయారీదారుకి ముడిసరుకు మీద కట్టింది వెనక్కి రాదు, ధర పెరుగుతుంది అని ప్రభుత్వం వాదించింది. లెక్క ప్రకారం ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ పసిపిల్లల చెవి మిషన్‌కి, చెవి పెరిగే కొద్దీ అచ్చు కొన్ని నెలలకోసారి మార్చాలి. మిషను ధర గురించి ఇంత చర్చ జరిగింది కదా, అచ్చు గురించి, బ్యాటరీ గురించి ఎప్పుడైనా జరిగిందా?

పింఛన్లు బాగా పెరిగాయి. తెలంగాణలో 2023లో 4016 చేశారు, ఆంధ్రలో 2024లో 6000 చేశారు. సంతోషమే, ఆ డబ్బు ఇళ్ళలో ఎంత అవసరమో తెలుసు. కానీ పింఛన్‌కి ఓటు లెక్క ఉంది, కాలిపర్ పట్టీకి లేదు. ఉమ్మడి రాష్ట్రంలో సదరం అని ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు. దాని పూర్తి పేరులో పునరావాసం, సాధికారత అన్న మాటలు కూడా ఉన్నాయి. ఊళ్ళో మాత్రం సదరం అంటే పర్సెంటేజీ, పర్సెంటేజీ అంటే పింఛను. 2015 చివర్లో వికలాంగులు అన్న మాట పోయి దివ్యాంగులు అన్నది వచ్చింది. పేరు మార్చడానికి స్పేర్ పార్టులు అక్కర్లేదు కదా!

అడగాల్సింది ఏంటి

"డబ్బులెక్కడివి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 19 ఏళ్ళ లోపు వికలాంగులు దాదాపు 78 లక్షల 60 వేల మంది. వాళ్ళందరికీ ఖరీదైన పరికరాలు అవసరం లేదు. నేనడిగేది కొత్తగా ఇంకో పెద్ద కొనుగోలు కూడా కాదు. ఇప్పటికే కొన్నవి పనిచేసేలా చూడమని. ఆరు లక్షల పరికరాన్ని కొన్ని వేల రూపాయల వైరు లేక పక్కన పడేయడం కన్నా దుబారా ఏముంటుంది? మా కంపెనీల్లో సర్వర్ కొంటే ఆ రోజే ఏఎంసీ కూడా కొంటాం. ఏఎంసీ లేకుండా సర్వర్ కొన్న మేనేజర్ని ఎవరూ పొదుపరి అనరు.

కావలసినవి నాలుగు. పరికరం ఇచ్చిన రోజే తర్వాతి కొలతల తారీఖు కార్డు మీద రాయాలి, టీకాల కార్డు లాగా. టీకా తారీఖు వస్తే ఆశ వర్కర్ ఇంటికొచ్చి పిలిచే వ్యవస్థ మనకి ఉంది, పోలియోని పంపేసింది ఆ వ్యవస్థే. రెండోది, రిపేరుకి బడ్జెట్‌లో వేరే పద్దు. మూడోది, కనీసం జిల్లాకి ఒక వర్క్‌షాపు, అందులో నడుం వంచి పట్టీ కుట్టే మనిషి. అలిమ్కో ఈ మధ్య దివ్యాశా కేంద్రాల పేరుతో కొలతలు, పంపిణీ, ఆ తర్వాతి సేవ ఒకే చోట అంటోంది. దిశ సరైనదే, కానీ అవి జిల్లాలకి రావాలి. నాలుగోది, ఇంప్లాంట్ కంపెనీలతో ఒప్పందంలోనే పదేళ్ళ స్పేర్లు.

ఇవేవీ రాకెట్ సైన్స్ కాదు. రాకెట్ సైన్స్ భాగం మన ఊళ్ళోనే ఎప్పుడో అయిపోయింది.

ఈసారి మీ ఎమ్మెల్యే గారు పరికరాల పంపిణీ క్యాంపు పెడితే, ఎన్ని ఇచ్చారని అడక్కండి. అది ఎలాగూ ఫ్లెక్సీ మీద ఉంటుంది. పోయినేడు ఇచ్చినవాటిలో ఇవాళ ఎన్ని వాడకంలో ఉన్నాయి అని అడగండి. జవాబు రాకపోతే, మళ్ళీ అడగండి.